ఆరున్నర హాజరు

మొన్న శనివారం సువార్త ఫోను చేసింది. వాళ్ల ఇంటి ఓనరు ఇల్లు అమ్మేస్తున్నాడట, నెలాఖరుకు ఖాళీ చేయాలట. సామాను సర్దుతుంటే హాట్‌ప్రెస్‌లో దుప్పట్ల వెనక ఒక నోటుబుక్కు దొరికిందని చెప్పింది. హాట్‌ప్రెస్ అంటే ఈ దేశపు ఇళ్లలో వేణ్నీళ్ల ట్యాంకు ఉండే వెచ్చటి అలమర. ఐరిష్‌వాళ్లు అందులో తువ్వాళ్లు ఆరేసుకుంటారు, తెలుగువాళ్లం పెరుగు తోడేసుకుంటాం.

"అమ్మ హాజరు పుస్తకం అక్కా. మీ పేరు కూడా ఉంది ఇందులో," అంది.

"నా పేరెందుకే? నేనేమన్నా చదువుకునే పిల్లనా?"

"ఏమో అక్కా, మీరే చూసుకోండి."

డ్యూటీ మారే వేళకు మా డ్రోహెడా ఆసుపత్రి కార్ పార్కులో కలిసి, ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది. కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయింది. నేను ఇంటికి తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాను. ఇంకా తెరవలేదు. తెరిచే ముందు ఆ మహాతల్లి గురించి నాలుగు మాటలు చెప్పుకోకపోతే నాకు ధైర్యం చాలేట్టు లేదు.

ఆవిడ సువార్త తల్లి. ప్రకాశం జిల్లాలో సంక్షేమ బాలికల హాస్టళ్లకు ముప్పై ఏళ్ల పైచిలుకు వార్డెన్‌గా చేసి రిటైరైన మనిషి. కూతురి రెండో కాన్పుకని, మూడు నెలలు ఉండి వెళ్దామని వచ్చింది. వచ్చిన మూడో వారానికే లాక్‌డౌన్ పడింది. అమ్మకు దిగులుగా లేదా అని సువార్తను అడిగితే, "దిగులా? మా ఇంట్లో స్టోర్‌రూము లేదని ఒక్కటే బాధ. తాళం వెయ్యడానికి ఒక్క గదన్నా లేని ఇల్లు ఇల్లేనా అంటోంది," అని నవ్వింది.

తాళం లేకపోయినా తాళాల గుత్తి మాత్రం నడుముకే ఉండేది. ఒంగోలు ఇంటివి, ట్రంకుపెట్టెవి, ఎందుకూ పనికిరాని పాతవి కూడా. కాటన్ చీర మీద అల్లుడి రెయిన్‌కోటు, చెవులకు మఫ్లరు, కాళ్లకు పరుగు పందేల బూట్లు, నడుము దగ్గర గలగల. ఇదీ వేషం. అయిదు కిలోమీటర్లు దాటి పోకూడదన్న రోజుల్లో రోజూ పొద్దున బోయిన్ నది ఒడ్డున ఆ కొస నుంచి ఈ కొసకు నడిచేది. వార్డెన్ రౌండ్స్‌కు వచ్చినట్టే ఉండేది గానీ వాకింగ్ చేసినట్టు ఉండేది కాదు.

ఒకరోజు వంతెన దగ్గర గార్డులు ఆపారు. గార్డులంటే ఇక్కడి పోలీసులు. ఎక్కడుంటారు, ఎక్కడికి వెళ్తున్నారు అని ఒక కుర్ర గార్డు మర్యాదగానే అడిగాడు. ఈవిడ అతన్ని కిందికీ పైకీ చూసి, "వాట్ ఈజ్ యువర్ నేటివ్ ప్లేస్?" అంది. అతను బిత్తరపోయి, "కావన్," అన్నాడు. "టిఫిన్ ఓవర్?" అని అడిగింది. ఆ రోజు నుంచి అతనికి ఆవిడ పెట్టిన పేరు కావన్. వంతెన మీద కనిపించినప్పుడల్లా, "కావన్! ఈటింగ్ ఓవర్?" అని కేకేసేది. అతనూ "గ్రాండ్, మేడం, గ్రాండ్!" అని చెయ్యెత్తేవాడు. మనుషుల్ని ఊరి పేరుతో పిలవడం ఆవిడ అలవాటు. ఒక్కో హాస్టల్లో అయిదుగురు మరియమ్మలు, ఆరుగురు సుజాతలు ఉంటారు కదా. ఊరి పేరు తగిలిస్తే తప్ప ఎవరు పలికారో తెలీదు. "పేరు మీ అమ్మ పెట్టింది, ఊరు నిన్ను మోసింది. రెండూ పలకాల," అనేది.

ఇక ఆరున్నర హాజరు. బళ్లు మూసేశారు. మేం నర్సులం పగలల్లా ఆసుపత్రిలో, మా పిల్లలు ఇంట్లో ఫోన్ల మీద. అది చూసి ఆవిడకు ఒళ్లు మండింది. ఏడుగురు తెలుగు పిల్లల్ని జూమ్‌లో కూర్చోబెట్టి సాయంత్రం ఆరున్నరకు హాజరు పిలవడం మొదలుపెట్టింది. పేరూ ఊరూ పిలవగానే "ప్రెజెంట్ మేడం" అనాలి. డ్రోహెడాలో పుట్టిన పిల్లలకు కూడా తాతల ఊర్లే తగిలించింది. తర్వాత ఒక్కొక్కరూ ఆ రోజు పాఠం పైకి చదవాలి. ఇంగ్లీషు, చరిత్ర, భూగోళం, ఏదైనా సరే. ఐరిష్ యాసలో గడగడా చదువుతుంటే ఆవిడకు సగం కూడా అర్థమయ్యేది కాదు. అయినా మధ్యలో పేజీ ఎగరగొట్టారంటే పట్టేసుకునేది.

"మీకెలా తెలిసింది మేడం గారూ?" అని అడిగాను.

"గొంతు పరిగెత్తిందంటే పేజీ దాటేసినట్టే. ముప్పై ఏళ్లు ఇన్నాను గదమ్మా."

ఆవిడకు ఒక గొప్ప ఉండేది, అది దాచుకునేది కూడా కాదు. సర్వీసు మొత్తంలో ఒక్క దొంగ హాజరు వేయలేదు. ఎనభై మంది పిల్లలుంటే నూట ఇరవై అని రాసి మిగిలిన బియ్యం, గుడ్లు బయటికి తోలే వార్డెన్లు ఉన్న కాలంలో, ఉన్న పిల్లకు ఉన్నట్టు, లేని పిల్లకు లేనట్టు రాసింది. అందుకు బహుమానం ట్రాన్స్‌ఫర్లు. కనిగిరి, పొదిలి, మార్కాపురం, మళ్లీ కనిగిరి. "ట్రంకుపెట్టె ఇప్పకుండానే ఒక హాస్టలు మారినా," అని మురిసిపోయేది.

ఇప్పుడు నా సంగతి. నేను చెప్పుకోవడానికి ఇష్టపడని సంగతి అన్నమాట.

ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక తెలుగువాళ్ల విందుకు వెళ్లాం. అన్నం ఇంకా వడ్డించనే లేదు, ఒకావిడ అడిగింది: "మీ ఇంటిపేరేంటి? మీది ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?" ఊళ్లో ఎటువైపు అని అడిగేది దారి తెలుసుకోవడానికి కాదని మనందరికీ తెలుసు. నేను తడుముకోకుండా, "మాది గుంటూరు టౌనండీ. నాన్న రైల్వేలో చేసేవారు. నేను కాన్వెంట్లో చదివాను," అన్నాను. అలా ఒకసారి నోరు జారిన అబద్ధాన్ని పదిహేనేళ్లు నిలబెట్టుకుంటూ వచ్చాను. మా ఆయనకు తెలుసు. ఆయనా హాస్టలు పిల్లాడే, నా వెనకాలే తలూపేవాడు. మా అమ్మాయి కెజియాకు మాత్రం అదే నిజం. వాళ్ల తాత రైల్వే, వాళ్లమ్మ కాన్వెంటు.

మొదటి లాక్‌డౌన్ సడలించిన వేసవిలో సువార్త మమ్మల్ని భోజనానికి పిలిచింది. పెరట్లో దూరం దూరంగా కుర్చీలు. ఆవిడను దగ్గరగా చూడడం అదే మొదలు. తిన్నాక, నేనే కడుగుతానని వంటింట్లోకి వెళ్లి నా స్టీలు పళ్లెం కడిగాను. సింకు అంచు మీద రెండుసార్లు టకటకమని కొట్టి నీళ్లు దులిపి, బోర్లించి, దాని మీద గ్లాసు బోర్లించాను. వెనక గలగలమంది.

"ఏ హాస్టలమ్మా నువ్వు?"

చేతులు తుడుచుకుంటూ వెనక్కి తిరిగాను. "హాస్టలా? నేను కాన్వెంట్లో చదివానండీ. గుంటూరు."

ఆవిడ కళ్లజోడు సవరించుకుని నా బోర్లించిన పళ్లెం వంక చూసింది. నా వంక చూడలేదు. "అట్టాగా. గుంటూరా," అని వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి నన్ను గుంటూరు అనే పిలిచేది. ఆ మాటను ఎంత సాగదీసేదంటే, నాకు కాలి బొటనవేలు నుంచి మండుకొచ్చేది. రిటైరైన మనిషికి ఒకరి పళ్లెంతో పనేంటి అని ఇంట్లో మా ఆయన మీద కేకలేశాను. ఆయన నెమ్మదిగా, "నువ్వు రోజూ అలాగే కొడతావు రత్నా," అన్నాడు. నాకు తెలియనే తెలియదు.

ఆ శీతాకాలం కెజియా ఒక బాంబు పేల్చింది. లీవింగ్ సర్ట్, అంటే ఇక్కడి ఇంటరు లాంటిది, రాయాల్సిన ఏడాది. నేను డబ్లిన్‌లో ఫార్మసీ అని కలలు కంటున్నాను. నా వార్డులోనే చేసే నైజీరియా నర్సు కూతురు టోలు, మా పిల్ల, ఇద్దరూ ప్రాణ స్నేహితులు. టోలు పిన్ని అమెరికాలో ఒక కాలేజీలో చదివింది. బానిసత్వం పోయిన కొత్తల్లో, నల్లజాతి పిల్లల్ని ఏ కాలేజీ గడప తొక్కనివ్వని రోజుల్లో, వాళ్ల కోసమని పెట్టుకున్న కాలేజీ అది. ఇప్పుడు ఎవరైనా చేరవచ్చు. కరోనా వల్ల కాలేజీ చూపించేదంతా జూమ్‌లోనే కాబట్టి ఈ పిల్లలిద్దరూ డ్రోహెడాలో కూర్చునే చూసేశారు. టోలు చివరికి ఇక్కడే చదువుతానంది. మా పిల్ల దరఖాస్తు పెట్టింది, సీటూ వచ్చింది. అంతటితో ఆగలేదు. అక్కడ ఆనర్స్ ప్రోగ్రాం అని ఒకటుందట. ఏరి ఏరి కొద్దిమందిని తీసుకుంటారు, వేరే క్లాసులు, వేరే చదువు, ఒకే హాస్టలు భవనం, చివర్న సొంతంగా ఒక పరిశోధన పుస్తకం రాయాలి. అందులోకి తీసుకుంటే ఫీజు కాలేజీదే. తీసుకోకపోతే మా తాహతుకు మించిన మాట. ఆనర్స్ వస్తేనే అమెరికా, లేదంటే లేదు.

"ఎవరైనా అడిగితే ఏ కాలేజీ అని చెప్పనే?" అన్నాను.

"మమ్, దట్స్ రేసిస్ట్," అంది. మొహం మీదే కొట్టినట్టు అంది.

రేసిస్టును కానని పెద్ద గొంతుతో అరిచాను. అది సగం నిజం. మిగతా సగం నోటితో చెప్పలేనిది. తలుపు మూసిన వాళ్ల నుంచి ఎంతో కష్టపడి ఇంతదూరం వచ్చి, ఎవరికీ తెలియకుండా ఒక మామూలు మనిషినై కూర్చున్నానే, నా కడుపున పుట్టిందే మళ్లీ "రానివ్వని వాళ్ల కోసం పెట్టిన చోటు" అని బోర్డు ఉన్న దగ్గరికి పోతానంటుందేమిటి? అదీ నా బాధ. ఆ బాధ చెప్పాలంటే మొత్తం చెప్పాలి. చెప్పలేదు.

కెజియా నేరుగా ఆరున్నర హాజరులో ఆవిడకు చెప్పేసుకుంది. నేను వంటింట్లోంచి వింటున్నాను. ఎవరూ రానివ్వని రోజుల్లో కట్టుకున్న కాలేజీ అని పిల్ల వచ్చీరాని తెలుగులో చెప్పేసరికి ఆవిడ, "అంటే మనదే," అంది. అంతే. ఇక ప్రశ్నలు మొదలు. మెస్సులో ఏం పెడతారు? గేటు ఎన్ని గంటలకు మూస్తారు? ఒక బాత్‌రూముకు ఎంతమంది? ఆనర్స్ అంటే ఏంటో వివరించబోతే కొట్టిపారేసింది. "నాకు తెలుసులే. టెన్త్ పరీక్షల ముందర తెలివైన పిల్లల్ని ఏరి, వరండాలో ఏరే ట్యూబులైటు కింద కూసోబెట్టేదాన్ని. అదేగా? చానా కష్టం తల్లీ అది. నిద్ర ఆపుకోవాల." తర్వాతి జూమ్ పరిచయంలో మా పిల్ల ఆ కాలేజీ ఆవిడను నిజంగానే బాత్‌రూము లెక్క అడిగింది. ఎవరడగమన్నారని ఆవిడ పగలబడి నవ్వి, నలుగురికి ఒకటి అని చెప్పింది. మా వార్డెన్ గారు మూడు రోజులు ఆ మాటే చెప్పుకుంది.

ఆనర్స్‌కు ఒక వ్యాసం రాసి పంపాలి. మీకంటే ముందు నడిచి మీకు దారి వేసిన వాళ్లెవరు, ఆ దారి మిమ్మల్ని మా దగ్గరికి ఎలా తెచ్చింది అని అంశం. దాన్ని బట్టే ఇంటర్వ్యూకు పిలుస్తారు. కెజియా తాత రైల్వే ఉద్యోగం గురించి రాసింది. పాపం, ఆ పిల్లకు తెలిసిందే రాసింది. సిగ్నళ్లు, రైలు పట్టాలు, గుంటూరు కాన్వెంటు. ఆరున్నరకు పైకి చదివి, ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది. మా నాన్న జీవితంలో రైలెక్కింది రెండుసార్లు. ఆయన పొగాకు కాల్చే బ్యారన్‌లో కూలి.

ఆవిడ అంతా విని, "గొంతు బాగానే ఉంది. మీ అమ్మను పిలువు," అంది. నేను తెర ముందుకు వచ్చాను.

"మీ నాయన ఏ రైలు నడిపాడమ్మా?" అని అడిగింది.

"నడపడం కాదండీ, ఆఫీసులో..." అన్నాను. నా గొంతు పరిగెత్తింది. ఆ పరుగు నాకే వినిపించింది.

ఫిబ్రవరి అది, మళ్లీ లాక్‌డౌన్. ఆసుపత్రిలో మాకు ఊపిరి సలపని రోజులు. మాస్కుల గీతలు బుగ్గల మీద పడి పోయేవే కావు. ఆ మర్నాడు సెలవు. పొద్దున పదింటికి మా గేటు దగ్గర గలగల వినిపించింది. బయట సన్నటి వాన. ఆవిడ రెయిన్‌కోటులో నిలబడి ఉంది.

"లోపలికి రండి మేడం గారూ."

"రాకూడదంటగా. నువ్వే బయటికి రా."

రెండు మీటర్ల దూరంలో, గేటుకు అటూ ఇటూ నిలబడ్డాం. ఏం తిట్టినా పడదామనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. ఒంగోలు సంగతి చెప్పింది.

"నా చేతికింద చదివిన పిల్లొకటి ఆఫీసరయింది. మొన్నమొన్న, నేనిక్కడికి రాబోయే ముందు, ఒంగోలు బజార్లో కనపడింది. ఎంత సంబరపడ్డానో. 'ఏమే పొదిలీ!' అని పిలవబోతన్నా. నన్ను చూసింది. చూసి రోడ్డు దాటి అటుపక్కకు పోయింది. పక్కన ఎవరో పెద్దోళ్లున్నార్లే. నేను గాదమ్మా, ఆమెకు హాస్టలు ఎదురొచ్చింది."

నేను గేటు గొళ్లెం పట్టుకుని నిలబడ్డాను.

"అది మంచి పిల్లే. నువ్వూ మంచిదానివే. అందరూ మంచోళ్లే. అందరూ రోడ్డు దాటిపోతే ఇంక నేను ఎవురికి వార్డెన్ని? నీకు సిగ్గు దేనికే? అన్నం పెట్టినందుకా, అక్షరం పెట్టినందుకా?"

"సిగ్గు కాదు మేడం గారూ," అన్నాను. ఏడుపు వచ్చేసింది. "భయం. ఇక్కడ కూడా అడుగుతారు, ఎటువైపు అని. నా బిడ్డను అడగకూడదని."

"అడగతారు. అడిగినప్పుడు దానికి జవాబు తెలియొద్దా? రేపు అది పోయేది హాస్టలుకే. హాస్టలు పిల్ల కూతురు, హాస్టలంటే ఏందో తెలీకుండా పంపిస్తావా? అక్కడున్న పిల్లలంతా మా ముత్తాత ఇట్టా, మా నాయనమ్మ అట్టా అని తలెత్తి చెప్పుకుంటా ఉంటే, ఇది మీ నాయన ఎక్కని రైలు గురించి చెప్పుకోవాల్నా?" తాళాల గుత్తి సవరించుకుంది. "దొంగ హాజరు నేను వెయ్యను గుంటూరూ. నీ ఇష్టం." అని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఆ మధ్యాహ్నమే చెప్పాను. ఏదో గొప్పగా చెప్పానని కాదు. కెజియా టోస్టు చేసుకుంటోంది, నేను గిన్నెలు కడుగుతున్నాను. "తాత రైల్వే కాదు," అన్నాను. అక్కడ మొదలుపెట్టి అంతా చెప్పాను. మా ఊరు కొత్తపాలెం. ఊరు ఒకవైపు, మేం ఇంకోవైపు. ఆరో తరగతిలో నాన్న నా చేయి పట్టుకుని కందుకూరు హాస్టలుకు తెచ్చి దించాడు, ఒక రేకుపెట్టె, పేరు చెక్కించిన ఒక పళ్లెంతో. ఆ పళ్లెం వెనక నా పేరు తప్పు లేకుండా చెక్కించడానికి ఆ కొట్టువాడి దగ్గర ఎంతసేపు నిలబడ్డాడో. చదువు రాని మనిషి, తప్పుందో లేదో ఎలా తెలుస్తుంది? దారినపోయే ముగ్గురిని ఆపి చదివించుకున్నాడు.

కెజియా టోస్టర్ దగ్గర నుంచి ఇటు తిరిగింది. తిడుతుందేమో, ఇన్నాళ్లూ అబద్ధం చెప్పావా అంటుందేమో అనుకున్నాను. సింకు పక్కన బోర్లించి ఉన్న నా పళ్లెం వంక చూసి, "సో దట్స్ వై యూ బ్యాంగ్ ద ప్లేట్," అంది. తర్వాత ఇంకో ప్రశ్న అడిగింది. "హౌ మెనీ గర్ల్స్ టు ఎ బాత్‌రూమ్, మమ్?"

అరవై మందికి నాలుగు అని చెప్పాను. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులోనే నేను ఏడ్చాను, తను నన్ను పట్టుకుంది. టోస్టు మాడిపోయి స్మోక్ అలారం మోగింది, మా ఆయన పరిగెత్తుకొచ్చాడు. ఆయన హాస్టలు కబుర్లు ఆయన అందుకున్నాడు. చీకటి పడేదాకా ఎవరం లేవలేదు.

పాత వ్యాసం చింపేసి కొత్తది రాసుకుంది. నాలుగు రోజుల తర్వాత ఆరున్నరకు చదివింది. అంతా ఇంగ్లీషే. ఈసారి తెలుగులో చెప్పబోతే ఆవిడ వద్దంది, ఊరికే చదవమంది. కళ్లు మూసుకుని వింది. మధ్యలో "కొత్తపాలెం" అన్న మాట వచ్చినప్పుడు మాత్రం కళ్లు తెరిచింది. పిల్ల ఆపాక, "ఏడా పరిగెత్తలేదు," అంది. నా వంక చూసి ఇంకేమీ అనలేదు. ఒక మెచ్చుకోలు మాట కూడా అనలేదని ఆ సాయంత్రం కొంచెం ఉడుక్కున్నాను కూడా.

ఇంటర్వ్యూకు పిలిచారు. మా హాల్లోనే, వెనక ఇస్త్రీ చేసిన దుప్పటి తెరకట్టి కూర్చోబెట్టాం. ముగ్గురు ప్రొఫెసర్లు ముప్పావుగంట మాట్లాడారు. అందులో సగం మా నాన్న పళ్లెం గురించే. చివర్న ఒక పెద్దాయన, తన నాయనమ్మ పత్తి పొలాల నుంచి అదే కాలేజీకి ఒక పెట్టెతో నడిచొచ్చిందని చెప్పాడట. పదిరోజులకు ఆనర్స్ ప్రోగ్రాంలో చేర్చుకున్నామని ఉత్తరం వచ్చింది. మా ఆయన ఆ ఉత్తరాన్ని ప్రింటు తీయించి ఫ్రిజ్‌కు అంటించాడు.

ఆ ఆదివారం ఇక్కడి తెలుగు క్రైస్తవులందరం కలిసి జూమ్‌లో కృతజ్ఞత కూడిక పెట్టాం, అంటే దేవుడు చేసిన మేలుకు ప్రార్థన. నన్ను లేచి సాక్ష్యం, అంటే ఆ మేలేమిటో, చెప్పమన్నారు. నేను మైకు తెరిచి, "నా పేరు రత్నకుమారి. మాది కొత్తపాలెం. నేను కందుకూరు సంక్షేమ హాస్టలు పిల్లని," అన్నాను. చిన్నచిన్న గడుల్లో అందరూ బొమ్మల్లా అయిపోయారు. అప్పుడు ఒక గడిలో మ్యూట్ తీసి, ములింగార్ ఆసుపత్రిలో చేసే మా ఎస్తేరు, "మాది కనిగిరి హాస్టలక్కా," అంది. ఎస్తేరు నాన్న తహసీల్దారని పదేళ్లుగా వింటున్నాను! తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. వార్డెన్ గారు తన గడిలో కూర్చుని పక్కకు తిరిగి ముక్కు తుడుచుకుంది. జలుబట.

మార్చిలో ఆవిడ ఒంగోలు వెళ్లిపోయింది. విమానాశ్రయానికి మేం వెళ్లకూడదు కాబట్టి వాకిట్లోనే వీడ్కోలు. సువార్త కారు మా ఇంటి ముందు ఆగింది. ఆవిడ అద్దం దించి కెజియాను పిలిచి, "అక్కడ పళ్లెం ఎవురి పళ్లెం వాళ్లే కడగాల. అలవాటు తప్పబాకు," అంది. అంతే, కారు కదిలింది.

మేలో, కరోనా రెండో వేవ్‌లో, ఆవిడ పోయింది. ఆసుపత్రిలో మంచం దొరికేలోపే. సువార్త వెళ్లలేకపోయింది. ఆగస్టులో కెజియా అమెరికా వెళ్లి చేరింది. ఇప్పుడు ఆఖరి ఏడాది, ఆ పరిశోధన పుస్తకం రాస్తోంది. హాస్టళ్ల గురించే, వాళ్లవీ మనవీ కలిపి. వారానికి రెండుసార్లు ఫోను చేసి మా ఆయన్నీ నన్నూ పోలీసుల్లా ప్రశ్నలడుగుతుంది. మెస్సులో ఏ వారం ఏ కూర అని అడిగితే ఎవరికి గుర్తుంటుందండీ? అయినా చెబుతాం.

సరే, ఇక తెరుస్తాను.

నీలం అట్ట, గీతల కాగితాలు. మొదటి పేజీలో ఎర్ర సిరాతో గళ్లు. ఏడుగురు పిల్లల పేర్లు, ఊళ్లతో సహా, గుండ్రటి అక్షరాల్లో. వచ్చిన రోజు "హా", రాని రోజు "గై". గైర్హాజరుకు గై అన్నమాట. పేజీలు తిప్పాను. ఏప్రిల్, మే, జూన్. ఆ వేసవి భోజనం మర్నాటి నుంచి అడుగున ఎనిమిదో వరస మొదలైంది. గుంటూరు రత్నకుమారి. గై. గై. గై. నెలలకు నెలలు, ఒక్క రోజు మానకుండా. హాల్లోంచి, వంటింట్లోంచి నేను విన్న ప్రతి సాయంత్రమూ ఆవిడ నన్ను పిలిచింది. నాకు వినిపించకుండా పిలిచి, పలకలేదని రాసుకుంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత మంటెత్తింది, ఇంట్లోనే ఉన్న మనిషికి గైర్హాజరు ఏమిటి అని.

ఫిబ్రవరి పేజీకి వచ్చాను. కెజియా కొత్త వ్యాసం చదివిన రోజు. గుంటూరు అన్న మాట మీద అడ్డంగా గీత కొట్టేసి ఉంది. దాని పైన ఎర్ర సిరాతో కొత్తపాలెం. ఆ రోజు గడిలో, మిగతా అన్నింటికంటే కొంచెం పెద్దగా, "హా".

దొంగ హాజరు వేసే మనిషి కాదు ఆవిడ.

వంటింట్లో నిలబడి, గొంతు పరిగెత్తకుండా, గట్టిగానే అన్నాను. "ప్రెజెంట్ మేడం."

హాల్లోంచి మా ఆయన కేకేశాడు. "ఎవరు రత్నా, ఫోనా?"

"వార్డెన్ గారు," అన్నాను.